మంచం దగ్గరి బడి

వేడి టీలో ముంచితే థర్మామీటరు పగులుతుందని ఆ ఇంటి బడిలో ఆ ఉదయం ప్రయోగపూర్వకంగా రుజువైంది. నాన్న జ్వరమెంతో తెలియకపోయినా పాఠం ఆగలేదు. గడియారాలు బాగుచేసే ఆయనే కూతుళ్లిద్దరికీ ఇంట్లో మాస్టారు. ఊపిరితిత్తులు చెడి మంచాన పడ్డాక బడి కూడా మంచం దగ్గరికే వచ్చింది. తను పోయేలోగా చిన్నదానికి చదవడం వచ్చేయాలని ఆయన ఆరాటం.

చిన్నది "అదం" అని చదివింది.

"అద్దం. ఒత్తు మింగేశావేం, అమ్మ టిఫిను పెట్టలేదా?" అని దగ్గుతూనే నవ్వించాడు.

వీధిలో పిల్లలు పైపుతో నీళ్లు చల్లుకుంటూ కేకలేస్తున్నారు. పెద్దది పుస్తకం మూసేసింది.

"ఎండాకాలం కూడా పాఠాలేంటి నాన్నా? అందరికీ సెలవులే, మనకే లేవు."

ఆయన చిన్నదాని వేలు పట్టుకుని తర్వాతి మాట మీద పెట్టాడు.

"ముందు నన్ను సెలవు తీసుకోనీ తల్లీ, తర్వాత మీ ఇష్టం."