జరుగు లచ్చవ్వా, జరుగు!

మొన్న మైకు చేతికిస్తే నా ఇజ్జత్ నేనే తీసుకున్న. ఎట్లనో చెప్త, చాయ్ తాగుకుంట ఇనుండ్రి.

శామీర్‌పేట దిక్కు ఒక డిగ్రీ కాలేజీల ఈ ఏడే లెక్చరర్‌గ చేరిన. ఇంకా పర్మినెంట్ గాలే. మా ఫుట్‌బాల్ టీమ్‌కు ఒక అలవాటున్నది. బాల్ గోల్ దిక్కు పోతాంటే చాలు, కాలేజీ అంత ఒక్కటే ఒర్రుడు: "జరుగు లచ్చవ్వా, జరుగు!"

గీ లచ్చవ్వ ఎవరు? నాకు మనసున పడ్తలేదు. కెప్టెన్‌ను అడిగితే "సీనియర్లు నేర్పిండ్రు మేడం" అన్నడు. పీటీ సార్‌ను అడిగితే "నేనొచ్చేసరికే ఉన్నది" అన్నడు. ప్రిన్సిపాల్ సార్ అయితే "మంచి ప్రశ్న. మీరే కనుక్కొని స్పోర్ట్స్ డే నాడు చెప్పుండ్రి" అన్నడు.

కనుక్కోవాలంటే ఊర్లెకు పోయి నలుగురిని అడగాలె. నేను స్టాఫ్ రూంల కూసొని ఆలోచన జేసిన. గండిమైసమ్మ పేరు మీద చౌరస్తానే ఉన్నది గద, లచ్చవ్వ గూడ గసొంటి అమ్మవారే అయి ఉంటది. 'జరుగు' అంటే విజయం జరుగుగాక అని. మస్తు కుదిరింది.

స్పోర్ట్స్ డే నాడు పది నిమిషాలు గిదే చెప్పిన. జీడిమెట్ల నుంచి ఆడనీకి వచ్చిన టీమ్ గూడ బూట్లు ఇడిసి ఇన్నది. మా పోరగాళ్లు గోల్‌పోస్టుకు పసుపు రాసి, బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టిండ్రు. ప్రిన్సిపాల్ సార్ సుత చేతులు జోడిచ్చిండు.

గప్పుడే, గ్రౌండ్ల సల్ల అమ్మే మల్లవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వుడు షురూ జేసింది. ఆమె పొలం మా గ్రౌండ్ పక్కపొంటే.

"ఏందవ్వా?" అన్న. మైకు ఇంకా నా చేతులనే ఉన్నది.

"బిడ్డా, లచ్చవ్వ మా బర్రె," అన్నది. "గప్పుడు గీ గోడ లేకుండె. ఆట నడుస్తాంటే వచ్చి గోల్ ముంగట పండేది. పోరగాళ్లు 'జరుగు లచ్చవ్వా, జరుగు' అని బతిమాలేటోళ్లు. ఒకనాడు లేసి నిలవడ్డది. బాల్ దాని డొక్కకు తాకి లోపటికి వోయింది. గా దినం మీ కాలేజీ గెలిచింది. గప్పటి సంది ఒర్రుతనే ఉన్నరు."

"అయితే దేవత గాదా?" అని మెల్లగ అడిగిన. మైకుల గది గూడ అందరికి ఇనబడ్డది.

"పూటకు ఆరు లీటర్లు ఇచ్చేది. దేవతనే అనుకో."

గ్రౌండ్ గ్రౌండంత నవ్వింది. కెప్టెన్ మాత్రం దగ్గరికొచ్చి, "మేడం, పసుపు కడగాల్నా, ఉంచాల్నా?" అని నిజంగనే అడిగిండు. ప్రిన్సిపాల్ సార్ కండ్లు తుడుసుకుంట "ఉండనీయ్" అన్నడు.

మల్లవ్వకు నా మొకం జూసి జాలైంది. గిలాసల సల్ల పోసిచ్చి, "పరేషాన్ గాకు బిడ్డా. ఇంతకు పిల్లలకు నువ్వు చెప్పే సదువేంది?" అని అడిగింది.

చరిత్ర అని చెప్పనీకి నోరు రాలే.

"లెక్కలవ్వా," అన్న.