కాస్టిక్‌కు కొసరు

2006లో ఆక్లాండ్ దక్షిణాన పాపకూరలోని ఒక చిన్న సబ్బుల కంపెనీలో నన్ను నాణ్యతా విభాగానికి సీనియర్ కెమిస్టుగా వేశారు. మా సరుకుతో పాటు, ఇంట్లో సబ్బులు చేసి అమ్ముకునేవాళ్ళ నమూనాలు కూడా పరీక్షించి రిపోర్టు ఇవ్వడం నా పని. సబ్బంటే నూనె, కాస్టిక్ సోడా కలిసి మారిన పదార్థం. నూనెకు తగినంత కాస్టిక్ వేస్తే అది పూర్తిగా ఖర్చయిపోతుంది. ఎక్కువైతే సబ్బులోనే మిగిలి చర్మాన్ని కాలుస్తుంది.

ఒక శనివారం ఉదయం ఫ్లాట్ బుష్ నుంచి పద్మజ అనే కాకినాడ అమ్మాయి పాల సబ్బు తెచ్చింది. మౌంట్ రాస్కిల్ కిరాణా కొట్టాయన రిపోర్టు ఉంటేనే అమ్మకానికి పెడతానన్నాడట. సబ్బు బెల్లం రంగులో ఉంది. పాలను గడ్డకట్టించి, ఆ ముక్కల మీద కాస్టిక్‌ను కొద్దికొద్దిగా చల్లాలి. లేకపోతే ఆ వేడికి పాలలోని చక్కెర మాడుతుంది. ఈమె పాలు మరగకాచి, గోరువెచ్చగా ఉండగానే కలిపేసింది. ఇక్కడ సూపర్‌మార్కెట్ పాలు శుద్ధిచేసినవేనని తెలిసినా, కాచకుండా వాడటానికి మనసొప్పలేదట. మన వంటిళ్ళలో పెరిగిన ఏ చెయ్యి ఒప్పుతుంది గనక! రంగు మారినంత మాత్రాన ముప్పేమీ లేదు. నాకు నవ్వొచ్చింది.

కొలతలు అడిగాక ఆ నవ్వు కాస్తా ఆగిపోయింది. "అన్నీ స్కేల్ మీద వెయిట్ చూసే వేశానాంటీ. పైన కాస్త కొసరు వేశాననుకోండి. కొసరు కూడా వెయ్యకపోతే మరీ పిసినారితనంగా ఉంటుంది కదా," అంది. కాస్టిక్‌కు కూడానా అని అడిగాను. అన్నిటికీ అంది. అప్పటికే ఒక బిళ్ళ చెల్లెలికి ఇచ్చిందట. ఆ చెల్లెలి నెలల పిల్లాడికి ఆ ఉదయమే దానితో స్నానం చేయిస్తుందట. వెంటనే ఫోన్ చేసి ఆ స్నానం ఆపించమని పద్మజతో అన్నాను. చెల్లెలు ఫోన్ ఎత్తలేదు.

పద్మజ మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తుండగా నేను సబ్బు తురిమి, వెచ్చని ఆల్కహాల్‌లో కరిగించాను. నీళ్ళలో కరిగిస్తే మంచి సబ్బుకు కూడా కాస్త రంగు వస్తుంది. ఆల్కహాల్‌లో అయితే, కాస్టిక్ మిగిలి ఉంటేనే ఫినాఫ్తలీన్ చుక్కలకు ద్రవం గులాబీ రంగుకు తిరుగుతుంది. చుక్కలు వేశాను. తిరగలేదు. నమ్మకం కుదరక బిళ్ళను ఇంకో పక్క నుంచి తురిమి మళ్ళీ చూశాను. అప్పుడూ రంగు రాలేదు. బతికాంరా దేవుడా అని పైకే అనేశాను. ఇంతలో చెల్లెలే ఫోన్ చేసింది. స్నానం అయిందట, పిల్లాడు హాయిగా నిద్రపోతున్నాడట, ఒంటి మీద ఎరుపన్నదే లేదట. పద్మజ స్టూలు మీద కూలబడి ఏడ్చేసింది.

తేరుకున్నాక నా కాటా మీద ఆమె చేతే అన్నీ తూయించాను. నూనెకు వేసిన కొసరు గరిటెడు, కాస్టిక్‌కు వేసింది చిటికెడు. నూనె మిగిలింది కాబట్టి కాస్టిక్ మిగలలేదు, అంతే. మరోసారి చెయ్యి ఎటు మొగ్గుతుందో ఎవరు చెప్పగలరు? అందుకే ఆ బ్యాచ్‌కు రిపోర్టు ఇవ్వలేదు. కొసరు లేకుండా చేసుకొచ్చిన తరవాతి బ్యాచ్‌కు ఇచ్చాను.

రిటైరయ్యేదాకా, ఇంటి సబ్బు తెచ్చిన ప్రతివారినీ నా ఎదుట ఒకసారి తూచి చూపించమనేదాన్ని. పాళ్ళు అందరూ సరిగానే చెబుతారు. చేతి అలవాటు మాత్రం ఎవరూ చెప్పరు, ఎందుకంటే అదొకటి ఉందని వాళ్ళకే తెలియదు.