క్యారియర్ మీద కూర్చున్నావిడ

ముక్కు మీదున్న కళ్ళజోడు సాక్షిగా చెబుతున్నాను, ఇందులో ప్రతి అక్షరం నిజం. నేను కోతలు కోస్తానని నన్నెరిగిన వాళ్ళందరికీ తెలుసు. మా ఊరి కాలువలో మొసలితో పందెం వేసి ఈదానని చెబితే, అన్నం కలపడం ఆపి మరీ విన్నవాళ్ళున్నారు. దయ్యాలను మాత్రం నేనెన్నడూ నమ్మలేదు. నాకు తెలిసిన దయ్యాల్లో సగం నేను పుట్టించినవే.

అరవైల చివరి మాట. యూనివర్సిటీ లైబ్రరీలో పుస్తకాలకు కార్డులు రాసే ఉద్యోగం నాది. తార్నాకలో పెద్ద పార్కును ఆనుకుని ఒక బంగళాల వీధి ఉండేది. గేటుగేటుకూ పాలరాతి పలక, పోర్టికోలో కారు, సాయంత్రమైతే కుక్కల్ని పట్టుకుని షికారుకు బయల్దేరే పెద్దమనుషులు. ఆ వీధిలో ఒక రిటైర్డు ఇంజనీరుగారి కారు షెడ్డు మీది గదిలో అద్దెకుండేవాణ్ణి. అలాంటి చోట బ్రహ్మచారికి గది దొరకడం మాటలు కాదు. ఇంజనీరుగారి భార్య కామేశ్వరమ్మగారిది మా తెనాలి వైపు కావడం, ఆవిడకు నా కథలంటే సరదా కావడం కలిసొచ్చాయి. షరతు ఒక్కటే. ఆడవాళ్ళ గొడవ ఉండకూడదు.

మెట్టుగూడ రైల్వే క్వార్టర్సులో ఉండే తన అక్క కూతురు విమలను నాకు చూసింది కూడా ఆవిడే. విమల తండ్రి గూడ్సు బండి గార్డు. పెళ్ళిచూపులు అయిపోయాయి. పిల్ల నాకు ఎంత నచ్చిందంటే, ఆ రోజంతా నేను ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. తాంబూలాలకు మంచిరోజు చూస్తున్నారు.

సాయంత్రం అయిదుంబావుకు లైబ్రరీ నుంచి బయటపడి, సైకిలు మీద కాంపస్ దాటి, పార్కు వెనక గేటులో దూరి, ముందు గేటు గుండా మా వీధిలోకి వచ్చేవాణ్ణి. పార్కులో సైకిలు తొక్కకూడదు, దిగి నడిపించాలి. వెనక గేటు దగ్గర కాపలా ఉండే ఎల్లయ్య ఒకరోజు నన్ను ఆపాడు.

"నువ్వు దిగినవ్ సరే సారూ, అమ్మను గూడ దించు. గట్ల కూసోబెట్టి నూకుతవేంది?"

వెనక్కి చూశాను. క్యారియర్ ఖాళీగా ఉంది. ఎగతాళి చేస్తున్నాడనుకుని నవ్వి ముందుకు కదిలాను. నాలుగడుగులు వేసేసరికి నా నవ్వు ఆగింది. బియ్యం బస్తా వేసుకున్నట్టు సైకిలు బరువెక్కింది. వెనక చక్రం నొక్కి చూస్తే గాలి గట్టిగానే ఉంది. మా ఇంటి గేటు దగ్గరకు రాగానే ఆ బరువు కాస్తా పోయింది.

నాలుగు రోజులు వరసగా ఇదే వ్యవహారం. అయిదో రోజు పార్కు జోలికి పోకుండా చౌరస్తా మీదుగా చుట్టూ తిరిగి వచ్చాను. ఆ రోజుల్లో సైకిలు మీద ఇద్దరెక్కితే పోలీసులు పట్టుకునేవారు. నన్నెన్నడూ చూసి ఎరగని కానిస్టేబులు చెయ్యి అడ్డం పెట్టి, "డబల్ సవారీ బంద్ అని ఎరుక లేదా? దిగుమను ఆమెను" అన్నాడు. ఇంజనీరుగారి కుక్క సంగతి కూడా చెప్పాలి. ఏడాదిగా నన్ను చూస్తే గుర్రుమనే ఆ కుక్క, ఇప్పుడు గేటు దగ్గరకు వచ్చి క్యారియర్ పైన గాలిని వాసన చూసి తోక ఊపేది.

నేను అలా రావడం ఒకరోజు కామేశ్వరమ్మగారు మేడ మీద నుంచి చూసింది.

"ఎవరయ్యా సూర్యం, ఆ పిల్ల? ఇక్కణ్ణుంచి జడ ఒక్కటే కనిపించింది."

ఇక్కడే నేను చెడిపోయాను. ఎవరూ లేరని నిజం చెబితే నమ్మదేమోనని, నమ్మేటట్టుగా ఒక అబద్ధం చెప్పాను. మా ఆఫీసు టైపిస్టు, కాలు బెణికింది, పాపం వీధి చివర దాకా తెచ్చి దింపుతున్నానన్నాను. నా జన్మలో అంత ఉప్పూకారం లేని అబద్ధం మరొకటి ఆడలేదు. ఆవిడ వెంటనే నమ్మింది. అదే నా కొంప ముంచింది.

మర్నాడు, "ఇంకా కాలు తగ్గలేదా?" అంది. ఆ మర్నాడు ఏమీ అనలేదు. మూడోనాటికి విమల తండ్రి వచ్చి మేడ మీద కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నేను గేటు తీసుకుని లోపలికి రాగానే, "టైపిస్టుకు పెళ్ళయిందా బాబూ?" అని చాలా మర్యాదగా అడిగాడు.

అప్పుడు నిజం చెప్పాను. టైపిస్టూ లేదు, కాలూ లేదు, నా వెనక ఎవరూ లేరని మొత్తుకున్నాను.

"మొన్నటిదాకా కాలు బెణికిన మనిషి, ఇవాళ మనిషే కాకుండా పోయిందా?" అన్నాడాయన. తాంబూలాలు ఆగిపోయాయి. గది నెలాఖరుకు ఖాళీ చెయ్యమన్నారు.

నా కడుపుమంట ఎవరితో చెప్పుకోను? మొసలిని నమ్మినవాళ్ళు ఖాళీ క్యారియర్‌ను నమ్మలేదు. పోనీ, నాకైనా ఆవిడ కనిపించిందా అంటే అదీ లేదు. హ్యాండిలుకు అద్దం బిగించి చూశాను. అందులో దారి కనిపించింది, దుమ్ము కనిపించింది, నా చెవి కనిపించింది. ఆవిడ ఎలా ఉంటుందని ఎల్లయ్యను అడిగితే, "మొఖానికి కొంగడ్డం వెట్టుకుంటది సారూ, నాకేమెరుక? నీ మనిషిని నన్నడుగుతవేంది?" అని కసిరాడు.

ఆ వారంలోనే విమల తండ్రిని వెంటబెట్టుకుని ఇంజనీరుగారింటికి వచ్చింది. చేసుకోబోయేది తను కాబట్టి తన కళ్ళతో తనే చూస్తానని తండ్రితో పట్టుబట్టిందట. పార్కు ముందు గేటుకు ఇవతల, కాగితంపూల గుబురు వెనక, ఇంట్లోంచి కనపడని ఒక రాతి బెంచీ ఉండేది. నేను సైకిలు నెట్టుకుంటూ, చెమటలు కక్కుకుంటూ వస్తుంటే ఆ బెంచీ మీద ఒక్కతే కూర్చుని ఉంది. నన్ను చూసింది. క్యారియర్ వైపు చూసింది. ఏమీ మాట్లాడకుండా లేచి ఇంట్లోకి వెళ్ళిపోయింది.

"ఎవరూ లేరు నాన్నా. మీరంతా ఈయన కథలు విని విని ఇలా అయిపోయారు" అందట.

పుట్టి బుద్ధెరిగాక అబద్ధమాడని పిల్ల అని ఆ ఇంట్లో విమలకు పేరు. అందుకని నమ్మారు. పెళ్ళయింది. ఆ సాయంత్రం నుంచి నా సైకిలు మళ్ళీ బరువెక్కలేదు. "అమ్మ ఏది సారూ, ఊరికి వోయిందా?" అని ఎల్లయ్య చాలారోజులు అడిగాడు.

మొదట్లో ప్రమాణం చేశాను కనుక ఇప్పుడు ఒప్పుకోక తప్పదు. ఇందులో ఒక్క ముక్క కల్పించాను. మొసలి సంగతి కాదు, దాన్ని మీరు ఎలాగూ నమ్మి ఉండరు. విమల ఏమీ మాట్లాడకుండా లేచి వెళ్ళిందన్నది కల్పన.

ఆ రోజు విమల చీర కుచ్చిళ్ళు దగ్గరకు తీసుకుని బెంచీ చివరకు జరిగింది. నా భుజం మీదుగా వెనక్కి చూస్తూ, "వచ్చి కూర్చోండి. రోజూ అంతదూరం ఆ ఇనప చువ్వల మీద కూర్చుంటే నడుం పట్టెయ్యదూ?" అంది. క్యారియర్ స్ప్రింగు కిర్రుమంది. నా చేతుల్లో సైకిలు ఒక్కసారిగా తేలికవడంతో ముందుకు తూలి పడబోయాను. విమల బెంచీ మీద ఖాళీగా ఉన్న ఆ పక్కకు తిరిగి, కాసేపు ఏదో వింటున్నట్టు తల ఊపింది. తర్వాత లేచి ఇంట్లోకి వెళ్ళి, తన జన్మలో మొదటి అబద్ధం ఆడింది. ఇన్ని కోతలు కోసినవాడి పెళ్ళి ఒక్క అబద్ధం మీద నిలబడింది, అదీ నాది కాదు.

ఆవిడ ఎవరో, ఊళ్ళో అన్ని సైకిళ్ళుండగా నాదే ఎందుకు ఎక్కిందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. ముఖం చూసింది విమల ఒక్కతే. ఎలా ఉండేది, నీతో ఏం చెప్పిందని పాతికేళ్ళుగా అడుగుతూనే ఉన్నాను. ఇది రాయడానికి కూర్చునే ముందు మరోసారి బతిమాలాను.

చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ తలెత్తకుండానే అంది. "చెబితే మీరు దానికి ఇంకో నాలుగు చేరుస్తారు. ఆవిడ అంతా నిజమే చెప్పింది పాపం."