ఈ పొద్దు ఏం రంగు?

మనిషికి మనిషి ఎదురుపడితే ఎవరైనా "బాగున్నావా?" అంటారు, లేదా "తిన్నావా?" అంటారు. హజరత్తయ్య సారు మాత్రం "ఒంటికి పోసినావా? ఏం రంగు?" అనేవారు. చిన్నా పెద్దా లేదు, మంచీ చెడ్డా లేదు. బోగోలు మండలంలో సముద్రం ఒడ్డునున్న ఆ పాలెంలో ఆయన ఇరవైరెండేళ్ళు పిల్లలకు జీవశాస్త్రం చెప్పారు. అందులో ఆఖరి పదేళ్ళూ ఊరంతటినీ ఈ ఒక్క ప్రశ్నతో వేధించుకు తిన్నారు.

రోజా ఇప్పుడు నెల్లూరులో నర్సు. ఆసుపత్రిలో మూత్రం సీసాల మీద పేర్లు రాసి అంటించేటప్పుడల్లా ఆ గొంతు చెవిలో మోగుతుంది. సీసా వెలుతురుకు పెట్టి చూసి తనలో తనే నవ్వుకుంటుంది.

పొద్దున పదిగంటలకు బోట్లు ఒడ్డుకొచ్చేసరికి, బడి సెలవైతే చాలు, సారు స్కూటరు ఇసుక అంచున ఆగేది. చేపలు కొనడానికొచ్చిన వాళ్ళు బుట్టల్లోకి తొంగిచూస్తుంటే సారు మనుషుల మొహాల్లోకి చూసేవారు.

"ఏం అబ్బయా, ఏం రంగు?"

"పసుపు సార్."

"పసుపంటే? నిమ్మరసమా, కల్లా, టీ డికాషనా?"

"డికాషనే అనుకోండి."

"చచ్చినావు పో! రెండు చెంబులు తాగిందాకా వల ముట్టుకోబాకు."

సముద్రం మీద ఏడెనిమిది గంటలు వేటాడేవాళ్ళకి, క్యానులో ఉన్న నాలుగు గుక్కలు నలుగురూ పంచుకునేవాళ్ళకి డికాషన్ రంగు తప్ప ఇంకేం వస్తుంది? సారుకి అదంతా అక్కర్లేదు. కొబ్బరినీళ్ళ రంగు రావాల్సిందే.

రోజా తల్లి అంకాలమ్మ గంపలో చేపలు సర్దుకుంటూ ఒకసారి అననే అనేసింది. "సారూ, చేపల రంగు అడగండి, చెప్తా. ఆ రంగు మాత్రం నన్నడగబాకండి."

"చేపకి కూడా కిడ్నీ ఉండాది అంకాలమ్మా. అది నోరు తెరిచి చెప్పలేదు. నీకేమైంది?"

ఈ గోలలో ఎక్కువ నష్టపోయినవాడు టీ కొట్టు మస్తాన్. సారు బెంచీ మీద కూచుని, గ్లాసు పైకెత్తి, "ఇదిగో, ఇట్టా ఉంటే ప్రమాదం" అని నలుగురికీ చూపించేవారు. నలుగురూ గ్లాసులు కిందపెట్టేవారు. మస్తాన్ టీ మానేసి నిమ్మకాయ సోడా పెట్టాడు. సారు దాన్నీ ఎత్తి చూశారు. "ఇది పరవాలేదు. ఇంకో చెంబు తాగితే చాలు." ఆ పొద్దటి నుంచి సోడా కూడా అమ్ముడుపోలేదు.

"సార్, మీకు దణ్ణం పెడతా. నా కొట్టుకొచ్చి మంచినీళ్ళు తాగి పోండి. డబ్బులిచ్చినా తీసుకోను" అన్నాడు మస్తాన్.

ఒక పెళ్ళిలో అయితే అక్షింతలు వేయడానికి మంటపమెక్కి, పెళ్ళికొడుకు చెవిలో అడగనే అడిగేశారు. ఆ అబ్బాయి తడ దగ్గర ఫ్యాక్టరీలో పనిచేసేవాడు, కొత్తవాడు, సారు సంగతి తెలియదు. అయినా కళ్ళనీళ్ళ పర్యంతమై, "నాలుగు గంటలైంది సార్, లేవనివ్వడంలేదు" అన్నాడు. సారు ఫొటోలవాణ్ణి ఆపి, పురోహితుణ్ణి ఆపి, పెళ్ళికొడుకుని చెయ్యిపట్టి లేపి తీసుకుపోయారు. ఊరంతా పగలబడి నవ్వింది. ఆ అబ్బాయి మాత్రం ఇప్పటికీ ప్రతి ఉగాదికీ సారుకి ఫోన్ చేస్తాడు.

అయితే పాఠం చెప్పాలంటే ఆయనే చెప్పాలి. తొమ్మిదో తరగతిలో ఆ రోజు రోజాకి నిన్నటిలా గుర్తు. సారు బోర్డు మీద చిక్కుడు గింజలాంటి బొమ్మలు రెండు గీశారు.

"ఒక్కోటి మీ పిడికిలంత. ఒక్కోదాంట్లో పదిలక్షల సన్న వలలు. రక్తం వచ్చి ఆ వలల మీద పడతాది. రక్తకణాలు, మాంసకృత్తులు పెద్ద చేపలు, వలలోనే ఆగిపోతాయి. నీళ్ళు, ఉప్పు, చక్కెర, చెత్త అంతా కిందికి జారిపోతాది. దినానికి ఎంత జారుతుందో చెప్పండి?"

"చెంబుడు సార్!"

"నూట ఎనభై లీటర్లు!"

తరగతి నోరు వెళ్ళబెట్టింది. వెనక బెంచీ నుంచి ఎవరో, "అన్ని లీటర్లు పోయాలంటే పొద్దస్తమానం దొడ్లోనే ఉండాల గదా సార్" అన్నారు.

"అదీ ప్రశ్నంటే!" సారు ఆనందంతో బల్ల మీద చరిచారు. "వల కింద సన్న గొట్టాలున్నాయి. వేట దిగినాక మీ అమ్మలు ఒడ్డున కూచుని ఏం చేస్తారు? పనికొచ్చేవి ఏరుకుంటారు. ఆ గొట్టాలూ అంతే. చక్కెర మొత్తం, ఉప్పు కావాల్సినంత, నీళ్ళు నూటికి తొంభై తొమ్మిది పాళ్ళు మళ్ళా రక్తంలోకి ఏరేసుకుంటాయి. మిగిలిన లీటరున్నరే బయటికి. మీరు నీళ్ళు తాగకపోతే అవి ఇంకా గట్టిగా పిండుకుంటాయి. అందుకే రంగు ముదురుతాది. అర్థమైందా? సరే, ఈ పొద్దు ఏం రంగు?"

ఆడపిల్లలు తలలు డెస్కుల్లో దాచుకున్నారు. ఆడపిల్లల్ని సారు ఎప్పుడూ బదులు చెప్పమనలేదు. అయినా రోజాకి సిగ్గే. ఎందుకంటే ఒడ్డున ఆ ప్రశ్నకు తు.చ. తప్పకుండా బదులు చెప్పేవాడు ఆమె నాన్న మాల్యాద్రి. బోటు నడిపే మనిషి, పెద్ద మీసం. ఊరంతా సారుని చూసి తప్పుకుంటే ఈయన ఎదురెళ్ళి మరీ, "కొబ్బరినీళ్ళు సార్!" అని అరిచేవాడు.

రెండేళ్ళ కిందట సారు రిటైరై, భార్య ఆదిశేషమ్మతో కావలికి మారిపోయారు. ఇప్పుడు ఒడ్డున బోట్లు దిగుతున్నాయి, చేపలు అమ్ముడవుతున్నాయి, ఎవరూ ఎవర్నీ ఏమీ అడగడంలేదు. మస్తాన్ టీ కొట్టు కళకళలాడుతోంది. అయినా గ్లాసు అందించేటప్పుడు ఒక్కోసారి రోడ్డువైపు చూస్తాడట.

మొన్న నాన్న నడుం నొప్పంటే రోజా ఆసుపత్రికి తీసుకొచ్చి స్కానింగ్ చేయించింది. నొప్పి బోటులో జారిపడినందువల్ల వచ్చినదే. కానీ డాక్టరు తెరవైపు చాలాసేపు చూసి, "మీ నాన్నకి పనిచేసేది ఒక్క కిడ్నీయే, తెలుసా?" అన్నాడు.

రోజా తనూ తెర దగ్గరికి వంగి చూసింది.

"కుడిదానికి ఎప్పుడో రాయి అడ్డుపడి ఎండిపోయింది. ఎడమది రెండింటి పనీ చేస్తా కొంచెం పెరిగింది. ఒక్క రాయి కూడా లేదు. ఎండలో తిరిగే మనిషి ఇంత జాగ్రత్తగా నీళ్ళు తాగడం నేను చూడలేదమ్మా. ఎవరు చెప్పినారు?"

మర్నాడే రోజా కావలి బస్సెక్కింది. విషయం విన్న సారు, "కరివేపాకు మొక్కకి నీళ్ళు పోయాల" అని గబగబా పెరట్లోకి తప్పుకున్నారు. నోరు విప్పింది ఆదిశేషమ్మ.

"నువ్వు ఎనిమిదిలో ఉన్నప్పుడమ్మే. మీ నాన్న బడికొచ్చి నొప్పితో పడిపోతే ఈయనే స్కూటర్ మీద ఆసుపత్రికి తీసకపోయినాడు. అప్పటికే ఒకటి పోయింది. రెండోదాంట్లో రాయి చేరకూడదు, నీళ్ళు బాగా తాగాల అన్నారు. ఈ సంగతి తెలిస్తే బోటులో ఎవరూ పని ఇవ్వరు, ఇంట్లో కూడా చెప్పబాకండని మీ నాన్న ఒట్టేయించుకున్నాడు."

"మరి సారు..."

"ఒక్కడినే దినామూ అడిగితే ఊరికి అనుమానం రాదా? అందుకని ఊరందర్నీ అడిగినాడు. పిచ్చోడన్నారు. అనుకోనీలే అన్నాడు. అందర్లో నేనూ ఒకదాన్ని. పెళ్ళయిన ఇన్నేళ్ళకి నన్నూ వదల్లేదు!"

కిటికీలోంచి చూస్తే సారు ఒకే మొక్కకి మూడో బకెట్టు పోస్తున్నారు.

తిరుగు బస్సులో రోజా నాన్నకి ఫోన్ చేసింది. ముందు కోప్పడింది, తర్వాత కాసేపు ముక్కు చీదింది. ఆ తర్వాత సారు అంతమందిని ఎందుకు అడిగారో చెప్పింది.





"నిజమా అమ్మే? నేనేమో... నా కిడ్నీ గురించి దిగులుపడి దిగులుపడి సారుకి మతి చెడిందనుకున్నా. నా వల్లే గదా అని బాధ. పాపం, ఆయనకి అబద్ధం చెప్పలేక దినామూ రెండు క్యాన్లు తాగినా!"