టీచరు గారి మేక, మావారి గులాబీలు

మావారు రిటైరైన సాయంత్రం ఆఫీసు వాళ్ళు వేసిన గులాబీ దండతోనే ఆటో దిగారు. దండలోంచి బాగున్న పూలు నాలుగు ఏరి, స్టీలు గిన్నెలో నీళ్ళు పోసి అందులో వేసుకున్నారు. మర్నాడు మధ్యాహ్నానికి అవి తలలు వాల్చేశాయి. ఆయన వాటిని చూసి నిట్టూర్చి, ఇంటి ముందు ఇంత జాగా ఉంచుకుని ఒక్క పూలమొక్కయినా వేసుకోలేదు మనం అన్నారు. అప్పటికి ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆ జాగాలో నా ముద్దమందార ఉంది, నందివర్ధనం ఉంది, కనకాంబరాల మడి ఉంది. రోజూ వాటి మధ్యనుంచే ఆయన ఆఫీసుకు వెళ్ళొచ్చేవారు.

మా ఊరు మామిడికుదురు పక్కన, కాలవ గట్టును ఆనుకుని ఉంటుంది. నేను అమలాపురంలో ఒక హైస్కూల్లో తెలుగు చెబుతాను. పొద్దున్న బస్సెక్కితే మళ్ళీ ఐదున్నరకే దిగడం. అందుకని మావారి తోట పెరిగిన వైనమంతా నేను సాయంత్రాల్లోనే చూశాను. ఆయన కడియం వెళ్ళి డజను గులాబీ మొక్కలు తెచ్చారు. ప్రతి మొక్క దగ్గరా ఒక కర్రముక్క పాతి, దాని మీద నంబరు వేశారు. ఒక నోటుపుస్తకం తెరిచి, ఏ నంబరు మొక్క ఏ తేదీన చిగురు వేసిందో, ఏ తేదీన మొగ్గ తొడిగిందో రాయడం మొదలుపెట్టారు. ముప్ఫై అయిదేళ్ళు ఫైళ్ళతో కాపురం చేసిన మనిషి, మొక్కల్ని మాత్రం ఊరికే ఎలా పెరగనిస్తారు?

మొదటి మొగ్గ నాలుగో నంబరుకు వచ్చింది. దాన్ని ఫోటో తీసి బంధువులందరికీ వాట్సాప్‌లో పంపారు. మూడో రోజు నేను బస్సు దిగి వచ్చేసరికి గేటు దగ్గరే నిలబడి ఉన్నారు. ఆ ముఖం చూసి ఎవరో పోయారనుకున్నాను. పోయింది నాలుగో నంబరు. మొగ్గతోపాటు లేత కొమ్మలన్నీ పోయి జానెడు మోడు మిగిలింది. ఐదు, ఆరు నంబర్లదీ అదే గతి.

నత్తలేమో అన్నాను. ఒక్క పూటలో ఇంత తినే నత్త ఉంటే దాని ఫోటో పేపర్లో వేస్తారన్నారు. కోతులేమో అన్నాను. కోతులైతే జామచెట్టును వదిలిపెట్టవన్నారు. దొంగ ఎవరో ఆ వారంలోనే తేలిపోయింది. నేను సందు తిరిగేసరికి, మా పొట్టి ప్రహరీ మీద ముందుకాళ్ళు రెండూ ఆనించి, వెనక కాళ్ళ మీద నిటారుగా నిలబడి, నా ముద్దమందార కొమ్మను వంచుకుని తింటోంది ఎదురింటి టీచరు గారి మేక. గోధుమరంగు ఆడమేక, ఒక చెవి తెలుపు. నన్ను చూసి బెదరలేదు. నోట్లో ఉన్న పువ్వు పూర్తిగా నమిలి మింగి, అప్పుడు గోడ దిగి, తీరిగ్గా వాళ్ళింటికి వెళ్ళిపోయింది.

టీచరు గారంటే మా ఊరి ఎలిమెంటరీ స్కూలుకు హెడ్మిస్ట్రెస్‌గా చేసి ఎప్పుడో రిటైరైన ఆవిడ. ఎనభైకి దగ్గర పడ్డారు. యాభై దాటిన వాళ్ళలో ఆవిడ దగ్గర ఎక్కాలు అప్పజెప్పని వాళ్ళు ఊళ్ళో తక్కువ. మావారు కూడా మూడు, నాలుగు తరగతులు ఆవిడ దగ్గరే చదివారు. టీచరు గారు పెళ్ళి చేసుకోలేదు. ఒక్కరే ఉంటారు, అలా ఉండడం ఆవిడకిష్టం కూడా. మూడేళ్ళ కిందట ఆవిడ దగ్గర చదువుకున్న ఒకామె ఈస్టర్‌కు వండుకోమని ఓ మేకపిల్లను తెచ్చిచ్చింది. ఈస్టర్ వెళ్ళిపోయింది, మేకపిల్ల ఉండిపోయింది.

మేక సంగతి తేల్చుకొస్తానని మావారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని బయల్దేరారు. అరగంట తరవాత పొట్లంలో చెక్కలు పట్టుకుని తిరిగొచ్చారు. ఏమన్నారని అడిగితే, బీపీ మందులు వేళకు వేసుకుంటున్నావా అని అడిగారట. మేక మాట ఎత్తారా అంటే, ఎత్తబోయేసరికి చేతులు కట్టుకుని నిలబడి ఉన్నట్టు తనకే తెలిసిందట, ఆ భంగిమలో ఫిర్యాదు నోట్లోంచి రాలేదట. అరవై రెండేళ్ళ మనిషి ఈ మాట నాతో సీరియస్‌గా చెప్పారు. నేను నవ్వకుండా చెక్కలు తిన్నాను.

నోటితో కాని పని కాగితంతో అవుతుందని ఆయన నమ్మకం. ఒక ఠావు మీద, పోయిన మొక్కల నంబర్లతో సహా అర్జీలాగా ఉత్తరం రాసి, పొద్దున్నే ఆవిడ పేపరులో పెట్టి వచ్చారు. సాయంత్రానికల్లా అది ఓ పిల్లాడి చేతిలో మా గుమ్మం దగ్గరికి తిరిగొచ్చింది. 'నష్ఠం' అని రాసిన చోట ఎర్ర సిరాతో సున్నా చుట్టి 'నష్టం' అని దిద్ది ఉంది. 'దయచేశి'లో శ కొట్టేసి ఉంది. అడుగున గుండ్రటి అక్షరాలతో, దస్తూరీ మెరుగుపడింది, మేకను రోజూ కట్టేస్తూనే ఉన్నాను, రుజువు చూపవలెను అని రాసి సంతకం చేశారు. మావారు ఆ కాగితం నా ముందు పెట్టి, తెలుగు పంతులమ్మవి కదా, నువ్వు చెప్పు అన్నారు. దిద్దినవన్నీ సరిగానే ఉన్నాయన్నాను. ఆవిడ కంట పడని తప్పు ఇంకొకటి ఉంది గానీ, కాపురం సంగతి ఆలోచించి ఊరుకున్నాను.

తరవాత ఆయన ఫోన్లో వీడియోలు చూడడం మొదలుపెట్టారు. ఏదో దేశంలో ఒకాయన తన తోటలోకి జింకలు రాకుండా మొక్కలకు వాసన సబ్బు ముక్కలు దారంతో వేలాడదీశాడట. మనకొచ్చేది మేక కదండీ అన్నాను. రెండూ ఆకులు తినేవే కదా అన్నారు. నేను చీరల బీరువాలో పెట్టుకోడానికి దాచిన గంధం సబ్బు రెండు బిళ్ళలూ కోసి పన్నెండు మొక్కలకూ కట్టారు. మేక సంగతేమో గానీ, కాకులకు మాత్రం పండగైంది. రెండు రోజుల్లో ఒక్క ముక్క మిగల్లేదు. మూడో రోజు టీచరు గారు ఫోన్ చేసి, కాకి ఏదో సబ్బు ముక్క మా నూతి గట్టు మీద పడేసిందమ్మా, మంచి వాసనేస్తోంది, ఏం సబ్బో కాస్త కనుక్కుని చెప్పు అన్నారు.

కొబ్బరి దింపు తీయడానికి వచ్చినతను మావారి అవస్థ చూసి, పేడ నీళ్ళు చల్లండి బాబుగారూ, మేక మూతి పెట్టదు అని చెప్పాడు. ఇది నిజంగానే పనిచేసింది. మేక రోజూ గోడ దాకా వచ్చి, ఓసారి వాసన చూసి, తల తిప్పుకుని వెళ్ళిపోయేది. మా ఇంటికి వచ్చే చుట్టాలు కూడా ఇంచుమించు అలాగే వెళ్ళిపోయారు. ఆదివారం చర్చికి పంపడానికి టీచరు గారు ఎప్పుడూ మా మందారాలు, నందివర్ధనాలు అడిగి తెప్పించుకుంటారు. ఆ ఆదివారం నేను తీసుకెళ్ళిన పూలసజ్జ ముఖం దగ్గరికి తీసుకుని, కిందపెట్టి, ఈ వారానికి కొవ్వొత్తులు చాలులే అమ్మా అన్నారు. ఆ రాత్రే పెద్ద వాన కురిసి పేడంతా కొట్టుకుపోయింది. సోమవారం తొమ్మిది, పది నంబర్లు పోయాయి.

ఆఖరికి రాజోలు వెళ్ళి పాత చేపల వల తెచ్చారు. వెదురు కర్రలు పాతి, ప్రహరీ పొడుగునా వల కట్టారు. కట్టిన తరవాత మా ఇల్లు చూస్తే పట్టుబడ్డ చేపలాగా ఉంది.

అది కట్టిన వారానికి రెండో శనివారం వచ్చింది. నాకు సెలవు. మధ్యాహ్నం భోజనాలయ్యాక కాగితాలు దిద్దుకుంటున్నాను. బయట మేక అరుపు వినిపించింది. మామూలు అరుపు కాదు, చంటిపిల్ల ఏడ్చినట్టుంది. మావారు నాకంటే ముందు పరిగెత్తారు. మేక గోడ మీదికి దూకబోయి వలలో పడింది. కొమ్ములకూ మెడకూ తాడు చుట్టుకుపోయి, ముందుకాళ్ళు గాల్లో కొట్టుకుంటున్నాయి. ఎంత గింజుకుంటే అంత బిగుస్తోంది.

నేను కత్తిపీట తేబోయి, అది వద్దని కూరగాయల చాకు తెచ్చాను. ఆయన మేకను ఒక చేత్తో పొట్ట కింద పట్టుకుని ఎత్తి, రెండో చేత్తో ఒక్కొక్క తాడే కోస్తున్నారు. కొమ్ము తగిలి బొటనవేలు చిట్లింది. ఆ రక్తం చూసుకోలేదాయన. మేక చెవి దగ్గర నోరు పెట్టి, "కదలకండి, కదలకండి, అయిపోయింది" అంటున్నారు. టీచరు గారి మేక కదా, దానికి కూడా అండీ తప్పలేదు.

మెడ చుట్టూ ఉన్న ఆఖరి తాడు తెగాక మేక ఆయన ఒళ్ళోనే కూలబడింది. పక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి. అప్పుడు తలెత్తి చూస్తే టీచరు గారు సందు మధ్యలో ఉన్నారు. మేక అరిచినప్పుడే బయల్దేరి ఉంటారు. మా రెండిళ్ళ మధ్యా పట్టుమని ఇరవై అడుగులుండవు. చేతికర్ర ముందుకు వేసి, ఒక కాలు జరిపి, ఆగి, ఇంకో కాలు జరుపుకుంటూ వస్తున్నారు. ఆవిడ అంత నెమ్మదిగా నడుస్తున్నారని మాకు ఆ రోజుదాకా తెలీదు. ఎప్పుడు చూసినా వీధి అరుగు మీద నిటారుగా కూర్చుని ఉండేవారు మరి.

వచ్చి, "దెబ్బ గట్టిగా తగిలిందేంట్రా?" అన్నారు.

"లేదండి, బాగానే ఉందండి. భయపడిందంతేనండి," అన్నారు మావారు.

"మేకని కాదు, నిన్నడిగేను."

ఆయన బొటనవేలు వెనక్కి దాచుకున్నారు. ఆవిడ మేక మెడలో వేలాడుతున్న పలుపు అందుకుని, మా గేటు ఊచకు కట్టబోయారు. తాడు చుట్టారు గానీ ముడి వేయడం కాలేదు. వేళ్ళు ముడి బిగించేంతగా మడత పడడం లేదు. రెండుసార్లు ప్రయత్నించి, తాడు కొస అరచేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయారు. మేమిద్దరం చూడనట్టు ఉండిపోయాం. అలా ఉండడం ఇంకా తప్పనిపించింది.

"కడుతూనే ఉన్నానురా," అన్నారావిడ. "అబద్ధం రాయలేదు. కడతాను, ముడి నిలవట్లేదు. ఏడాదయ్యింది వేళ్ళు ఇలాగై. గట్టు మీదికి తోలుకెళ్ళి మేపడానికి మోకాళ్ళూ రావట్లేదు. దానికి ఆకలేసి ఎక్కడికో అక్కడికి పోతోంది. చెప్పేనంటే అందరూ కలిసి దాన్ని అమ్మేయమంటారు."

మావారు లేచి, మట్టి దులుపుకుని, ఆవిడ చేతిలోంచి తాడు తీసుకున్నారు. "రేపట్నించి నేను తోలుకెళతానండి," అన్నారు.

"నీకెందుకురా ఈ పని?"

"ఖాళీగానే ఉంటున్నానండి."

ఆవిడ ఆయన ముఖంలోకి చూసి, "ఆయ్, అలాగైతే సరే," అన్నారు. ఆ రాత్రి తన అర్జీ తలుచుకుని మావారికి అన్నం సయించలేదు. ఆవిడ మేక ఆకలి సంగతి మనసులో పెట్టుకుని, పైకి అక్షరాలు దిద్దుతూ కూర్చున్నారు, నేనేమో నంబర్లు చూపించేను అని రెండు మూడుసార్లు అన్నారు. నాకూ నవ్వు రాలేదు.

మర్నాటినుంచీ సాయంత్రం నాలుగయ్యేసరికి మావారు పలుపు, గునపం పట్టుకుని వెళ్ళి, మేకను గట్టు మీదికి తీసుకెళ్ళి, గుంజ పాతి, దాని పక్కన కూర్చుని పేపరు చదువుకుంటారు. మొదటి వారం ఆయన చుట్టూ చూసుకుంటూ వెళ్ళేవారు. ఊరు ఊరుకుంటుందా? టీ కొట్టు దగ్గర ఒకాయన, కొత్త పోస్టింగెక్కడండీ అని పలకరించాడట. ఆయ్, కాలవ గట్టు డ్యూటీ అండి అని మావారు ఒప్పేసుకున్నారు. ఒప్పుకున్నాక ఎవరూ అడగలేదు. వల విప్పి దింపు తీసే అతనికిచ్చేశారు, వాళ్ళ కోళ్ళకు పనికొస్తుందని. కడుపు నిండిన మేక మా ప్రహరీ వైపు తిరిగి చూడడం మానేసింది. నా మందార మళ్ళీ నిండుగా ఆకులు వేసింది.

చలి మొదలయ్యేసరికి ఒక విచిత్రం జరిగింది. మేక తినేసిన మొక్కలే ముందు పుంజుకున్నాయి. మోడైన చోటల్లా మూడేసి చిగుళ్ళు వేసి, గుత్తులుగా మొగ్గలు తొడిగాయి. మేక ముట్టని పదకొండు, పన్నెండు నంబర్లు మాత్రం సన్నగా పొడుగ్గా పెరిగి ఒక్కో పువ్వు పూశాయి. టీచరు గారు అరుగు మీదనుంచే చూసి, నా మేక చేసిన కత్తిరింపు ఎలా ఉంది అని అడిగారు. మావారు అదంతా తన పేడ నీళ్ళ బలమే అంటారు. ఈ వాదం ఇంకా తెగలేదు.

ఈమధ్య గట్టు మీదికి ప్లాస్టిక్ కుర్చీ ఒకటి చేరింది. మావారు రోజూ దాన్ని నెత్తిన పెట్టుకుని, ఒక చేత్తో మేకను పట్టుకుని ముందు నడుస్తారు. టీచరు గారు వెనకాలే, చేతికర్ర ఊతంతో, మధ్య మధ్య ఆగుతూ వస్తారు. ఎంతసేపైనా ఆయన తొందరపెట్టరు, మేక కూడా ఆగుతుంది. ఏడాది తరవాత కాలవ చూశానమ్మా అని మొదటి రోజు ఆవిడ నాతో అన్నారు. నేను బస్సు దిగి తిన్నగా అక్కడికే వెళుతున్నాను. టీచరు గారు ఫ్లాస్కులోంచి నాకు టీ పోసిస్తారు, స్కూలు కబుర్లు అడుగుతారు. చీకటి పడబోతుంటే మావారు గుంజ పీకి, మేకతో, "పదండి, ఇంక వెళదాం" అంటారు.