మూడో రోకలి పోటు

నా చిన్నప్పుడు మా లంకని గోదావరి తినేసింది. మాట వరసకి అంటున్నాననుకునేరు, నిజంగానే తినేసింది. ఆ ఏడు వరద తీసేసరికి పన్నెండిళ్ళలో నాలుగే మిగిలాయి, పొలమంతా ఏట్లో కలిసిపోయింది. మాకు దక్కినవి రెండెద్దులు, ఒక పాత పడవ, మా మేనత్త అటక మీద దాచిన ఒక గంపెడు విత్తనాల వడ్లు. నాకప్పుడు తొమ్మిదేళ్ళుంటాయేమో. పొద్దున్న తోటకూర, మాపటికి చేమదుంపలు. చింతపండు వెయ్యని చేమదుంప తింటే గొంతు ఎలా దురద పెడుతుందో ఇప్పటి పిల్లలకి చెప్పినా తెలియదు.

మా నేలని మింగిన ఏరే, మాకూ ఎదురు లంకకీ మధ్య కొత్త మేట ఒకటి వేసింది. నల్లటి ఒండ్రు, కాలు పెడితే పిక్కలదాకా దిగేది. అది మాదని మేము, కాదు మాదని వాళ్ళు. కర్రలు లేచాయి, ఒకాయన తల పగిలింది. చివరికి రెండు వైపుల పెద్దలూ కూర్చుని పడవ పందెం పెట్టారు. ఏటికి ఎదురుగా గెడలతో నెట్టుకుంటూ వెళ్ళాలి. ఎవరి పడవ ముందు మేటకి తగిలితే వాళ్ళదే సాగు.

ఓడిపోతే ఏమవుతుందో నాకు బాగా తెలుసు, తడిక ఇవతల పడుకుని అంతా విన్నాను. అమ్మ చంటి తమ్ముణ్ణి తీసుకుని పుట్టింటికి. నాన్న ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర రాళ్ళు మొయ్యడానికి. నన్ను ముమ్మిడివరం వైపు ఎవరింట్లోనో గేదెల దగ్గర పెడతారట. పిల్లకి తిండైనా దొరుకుతుంది కదా అంది అమ్మ, అని ఏడ్చింది. నేను పరికిణీ అంచు నోట్లో కుక్కుకుని పడుకున్నాను. ఆ భయం నాకింకా గుర్తే.

గెడ వెయ్యడమంటే చేతుల బలమొక్కటే కాదు. పడవ ముందు కొసన వెదురు గెడ నీళ్ళలో దింపి, దాన్ని భుజానికి ఆనించి, అంచు మీద వెనక్కి నడుస్తూ పడవని ముందుకి తోస్తారు. వెనక కొసకి చేరాక గెడ పీకి, లోపలినించి మళ్ళీ ముందుకి రావాలి. ఈలోగా ఇంకొకరు గెడ దింపాలి, ఆయన వెనక మరొకరు. మా పడవకి ముగ్గురు: మా నాన్న, మా బాబాయి, పక్కింటి పెదనాన్న. చుక్కాని దగ్గర మా తాతయ్య. మిగిలిన మగవాళ్ళంతా చలిజ్వరాలతో మంచాల్లో ఉన్నారు. నిజానికి పెదనాన్నకీ రోజు విడిచి రోజు జ్వరమే.

మొదటిరోజు సాధన చూసి ఇక నాకు గేదెల కొట్టమే గతి అనుకున్నాను. మా నాన్నకి బలం ఎంతో తొందర అంత. పెదనాన్న ఒక్క క్షణం ఆలస్యమైతే చాలు, ఆయన వంతు కూడా తనే లాక్కుని గెడ వేసేసేవాడు. గెడలు ఒకదానికొకటి తగిలేవి. పడవ అడ్డం తిరిగేది. మా బాబాయి ఏట్లో పడి, పైకొచ్చి, మా నాన్నని నానా మాటలూ అన్నాడు. అన్నదమ్ములు ఒడ్డెక్కి చెరో వైపుకీ వెళ్ళిపోయారు. పెదనాన్న మాత్రం పడవలోనే కూర్చుని వణుకుతున్నాడు.

మా మేనత్త ఇదంతా రేవులోనించి చూసింది. చిన్నప్పుడే భర్త పోయి మా ఇంటికొచ్చిన మనిషి, మా నాన్నకంటే పెద్దది. ఇంటికి వచ్చి, ఎవరితోనూ చెప్పకుండా అటక మీది గంప దింపి, విత్తనాల వడ్లు రెండు కుంచాలు రోట్లో పోసింది. అమ్మ లబోదిబోమంది. అత్త లక్ష్యపెట్టలేదు. ముగ్గురినీ పిలిపించి తలో రోకలి చేతికిచ్చింది.

"దంచండ్రా," అంది.

"ఆడవాళ్ళ పని మాచేత చేయిస్తావేంటక్కా? పైగా విత్తనాలు!" అన్నాడు మా నాన్న.

"నేల లేకపోతే విత్తనాలు దేనికిరా? దంచు. ఒక్క గింజ బయటికి చిందినా ఊరుకోను."

మా ఊళ్ళో ముగ్గురాడవాళ్ళు ఒకే రోట్లో మూడు రోకళ్ళతో దంచడం పుట్టి బుద్ధెరిగినప్పటినించీ చూస్తున్నదే. ఒక రోకలి లేచేటప్పుడు ఇంకొకటి దిగుతుంది, పోటుకొక హుంకారం. ఈ మగవాళ్ళు మొదలుపెట్టగానే రోకళ్ళు ఢీకొన్నాయి, మా నాన్న వేలు నలిగింది. పిల్లలం కిసుక్కున నవ్వి తిట్లు తిన్నాం. కాసేపటికి వరస కుదిరింది. అంతలో పెదనాన్న చెయ్యి ఆగిపోయింది, జ్వరం తగులుతోంది. వెంటనే మా నాన్న ఆ పోటు తను వేసేశాడు. రోకలి మళ్ళీ బాబాయి రోకలికి తగిలింది.

అప్పుడు అత్త గట్టిగా అరిచింది. "ఆగేరు కదాని లాగేసుకుంటావా? ఆ పోటు అన్నయ్యది. ఖాళీగా ఉంచు. ఖాళీ ఉంటేనే కదా ఆయన మళ్ళీ వచ్చి అందుకునేది!"

"ఆయ్, అందుకుంటానమ్మా చెల్లెమ్మా," అన్నాడు పెదనాన్న, చెమటలు కక్కుతూ.

ఆ తరవాత వాళ్ళు దంచుతుంటే, ఆయన ఆగినప్పుడల్లా అత్త "హుఁ" అనేది. రోకలి పడని చోట ఆ హుంకారం ఒక్కటే వినిపించేది. రెండు పోట్లు, ఒక హుఁ. ఆ బియ్యంతోనే ఆ పూట అందరికీ అన్నం వండింది. నెలరోజుల తరవాత తిన్న అన్నం. మా అమ్మ ఒక్క ముద్ద కూడా మింగలేకపోయింది.

పందెం రోజున ఏరు పోటు మీద ఉంది. సగం దూరందాకా ఎదురు లంక పడవ ముందుంది. అక్కడ సుడి దగ్గర పెదనాన్న ఒంగి అంచు పట్టుకుని కూలబడ్డాడు. అయిపోయిందనుకున్నాను. నా గేదెలు నాకు కళ్ళముందు కనిపించాయి. ఒడ్డు మీద మోకాళ్ళదాకా నీళ్ళలో దిగి అత్త అరిచింది, "హుఁ!" మా నాన్న ఎత్తిన గెడ ఎత్తినట్టే ఆపాడు. ఆ ఆపడం ఆయనకెంత కష్టమో ఆయన మెడ నరాలు చూస్తే తెలిసేది. పెదనాన్న వంతు ఖాళీగా వెళ్ళింది. బాబాయి, నాన్న, ఖాళీ. బాబాయి, నాన్న, ఖాళీ. పడవ నెమ్మదించింది గాని అడ్డం తిరగలేదు. అవతలి పడవలో మాత్రం తొందర ఎక్కువై గెడలు చిక్కుపడ్డాయి. ఐదారు ఖాళీలు పోయాక పెదనాన్న లేచి తన వంతుకి సరిగ్గా గెడ దింపాడు. మూరెడు తేడాతో మా పడవ మేటకి తగిలింది.

నన్ను ఎవరింటికీ పంపలేదు. కానీ మిగిలిన వడ్లు చల్లి, నారు మొలకెత్తే రోజుల్లో పెదనాన్న జ్వరంతోనే పోయాడు. పందేనికి తీసుకెళ్ళి నేనే చంపేశానని మా నాన్న ఏటిగట్టున కూర్చుని తల బాదుకున్నాడు. ఆయన్ని ఎవరూ ఓదార్చలేకపోయారు.

కోతలయ్యాక కళ్ళంలో మా నాన్న మొదటి గంప తన వైపు పోశాడు, రెండోది బాబాయి వైపు. మూడో గంప ఎత్తి ఒక్క క్షణం అలా నిలబడ్డాడు. అత్త "హుఁ" అంది, అంతే. నాన్న ఆ గంప నెత్తిన పెట్టుకుని పెదనాన్న ఇంటికి నడిచాడు. వాళ్ళ పిల్లాడు పెద్దవాడై తన గెడ తను పట్టేదాకా ఏటేటా అలాగే జరిగింది.

ఇప్పుడు నా కోడళ్ళతో దంచుతాను. చిన్నది మా నాన్నలాగే దూకుడు. పెద్దదానికి నెలలు నిండాయి, మధ్యమధ్య నడుం పట్టుకుని ఆగుతుంది. చిన్నదాని రోకలి ఆ ఖాళీలోకి దిగబోతుంటే నాకు తెలియకుండానే నా నోట్లోంచి హుఁ అని వస్తుంది. ఉండనీవే, ఆ పోటు దానిది అంటాను.