రెండు పాత క్యూలకు వెల కట్టాను

ఆఫీసులో జరిగిన పూల్ ఆట పోటీలో గెలిచాక, బంతులు కొట్టే మంచి క్యూ కర్ర ఒకటి కొనుక్కోవాలనిపించింది. అంతకుముందు ఇంట్లో ఉన్న రెండు పాతవి అమ్మేయాలి. ఒకటి ఏ నగిషీ లేని లేత రంగు మేపుల్ చెక్క కర్ర. పోటీ దానితోనే గెలిచాను. రెండోది మా ఆయన నా పుట్టినరోజుకు కొనిచ్చిన ఎర్రది, చూడగానే కళ్ళు జిగేలుమంటాయి.

"ఆ మేపుల్‌దానితో కప్పు గెలిచావని ప్రకటనలో రాయి. ఇంకాస్త ఎక్కువ అడగొచ్చు," అన్నారు మా ఆయన.

"గెలిచింది నేను కదండీ. కర్రతో పాటు నేను వెళ్ళను కదా," అన్నాను.

శనివారం పొద్దున్నే నార్సింగిలోని మా ఫ్లాట్ నుంచి నానక్‌రామ్‌గూడలో నేను రోజూ ఆడే పూల్ పార్లర్‌కు ఇద్దరం వెళ్ళాం. క్యూ ఎంత చేస్తుందో తేల్చాలంటే ముందు అది వంకర పోలేదని చూసుకోవాలి. మేపుల్ కర్రను బల్ల మీద పెట్టి అరచేత్తో దొర్లించాను. ఎక్కడా ఎగరకుండా దొర్లుకుంటూ పోయింది. కొనన ఉండే తోలు టిప్ అరిగింది, అది మార్పించుకోవచ్చు. పట్టుకునే చోట చుట్టిన దారం చెమటకు నల్లబడింది. కొత్తదాని ధరలో సగం అడగడం న్యాయమనిపించింది.

ఎర్రది దొర్లిస్తే కొన పైకీ కిందికీ ఊగింది. రెండు ముక్కలూ కలిసే అతుకులో దుమ్ము చేరిందేమోనని తుడిచాను. అయినా ఊగింది. రెండు ముక్కలూ విప్పి విడివిడిగా దొర్లించాను. వెనక ముక్క బాగానే ఉంది. వంగింది ముందు ముక్క.

"ఎండాకాలమంతా మీ కారు డిక్కీలోనే ఉంది కదండీ," అన్నాను.

"అయితే నేనిచ్చినదానికి విలువ లేదంటావు."

"మీరిచ్చారు కాబట్టి నాకుంది. కొనేవాళ్ళకు లేదు. వెనక ముక్కకు మాత్రమే ధర కడతాను."

ఆయన చిన్నబుచ్చుకున్నారు. కాసేపటికి తనే ముందు ముక్కను రెండుమూడుసార్లు దొర్లించి, దాని వంకరను నా ఫోన్‌తో ఫోటో తీశారు. ఆ ఫోటో కూడా ప్రకటనలో పెట్టాను.

మర్నాడు ప్రకటన చూసి, శేరిలింగంపల్లిలో హార్డ్‌వేర్ దుకాణం నడిపే పెద్దాయన ఒకరు పార్లర్‌కు వచ్చారు. ఈమధ్యే ఆట మొదలుపెట్టారట. నేరుగా మా ఆయన దగ్గరికి వెళ్ళారు.

"ఏమన్నా, కర్రలు నీవేనా?"

"ఆవిడవండి. నాకు ఆట రాదు."

పెద్దాయన నావైపు తిరిగారు. "నువ్వాడుతవా అమ్మా?"

"ఆడతానండి."

ఎర్రదాన్ని చేతిలోకి తీసుకుని మురిసిపోయారు. "గిది మస్తుగుంది. గిదే ఇయ్యి."

"దాని ముందు ముక్క వంగిందండి. మీరే దొర్లించి చూడండి."

దొర్లించారు. ముఖం మారింది. "మరి గా రెండోదానితోటి జర కొట్టి చూపియ్యి."

బల్ల దూరపు మూల దగ్గర ఒక బంతి పెట్టి, ఇవతలి నుంచి తెల్లబంతిని దాని మీదికి కొట్టాను. బంతి గుంటలో పడింది. తెల్లబంతి దాన్ని తాకిన చోటే ఆగిపోయింది.

"గది గట్లెట్ల ఆగింది?"

"నేర్పుతాను. అది ధరలో కలపలేదు."

ఆయన నవ్వారు కానీ బేరం మానలేదు. "ఇగ జర తగ్గియ్యమ్మా."

"టిప్ మార్పించే ఖర్చు తీసేసే ధర కట్టానండి. ఇంక తగ్గదు."

కర్రను కంటి ఎత్తుకు లేపి ఈ చివర నుంచి ఆ చివరకు చూసుకున్నారు. నేనడిగినంతా ఇచ్చి తీసుకెళ్ళారు. ఇచ్చేటప్పుడు మనసు చివుక్కుమంటుందేమో అనుకున్నాను. అలాంటిదేమీ జరగలేదు. ఎర్రదాని వెనక ముక్కను ఆ వారంలోనే ఇంకొకరు కొనుక్కున్నారు.

ఆ పెద్దాయన ఇప్పుడు ఆదివారాలు నాతో ఆడుతున్నారు. తెల్లబంతిని ఆపడం వచ్చేసింది. మొన్న ఒక ఆటలో నా మీద దాదాపు గెలిచినంత పని చేశారు.